జేజి పలకని పేరు

నిన్న మా జేజి, అంటే నాన్నకు అమ్మ, పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మతి తప్పుతోందేమోనని నాన్న హడలిపోయి, ఈ రోజు పొద్దున్నే ఆమెను కర్నూలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక అక్కడ దిగిన కొత్త డాక్టరు, ఇంకా కుర్రవాడే.

"అవ్వా, మీ ఆయన పేరేమిటి?" అని అడిగాడు.

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. మళ్లీ అడిగినా పలకలేదు.

"మరుపు మొదలైంది. రోజూ మెదడుకు పని చెప్పాలి," అన్నాడాయన. నాన్న ముఖం పాలిపోయింది.

అప్పుడు అందుకుంది జేజి. "ఏమప్పా, మొగుని పేరు నోటితో పలకమంటాండావే! అహోబిలంలో వెలసిన సామి పేరే ఆయప్పది. ఏ సామో నువ్వే చెప్పు."

"నరసింహస్వామి," అన్నాడు డాక్టరు తడబడుతూ.

"చెప్తివే! నీ మెదడు శానా బాగుండాది."

అందరికంటే ముందు డాక్టరే పగలబడి నవ్వాడు.

తిరిగి వస్తూ ఉప్పు సంగతి అడిగాను. పక్కింటి బీబీతో ఆడే పులిజూదంలో ఆమె పులిని మేకలతో ఎట్లా కట్టాలా అని ఆలోచిస్తూ రెండోసారి వేసిందట! మెదడుకు పని చెప్పమన్నాక ఆట మాన్పించలేము. మరి వంట మానమని జేజితో చెప్పేదెవరు? ధైర్యమున్నవాళ్లు మా ఇంటికి రండి, పప్పన్నం పెడతాం.