మద్దిలేటికి తాపిన జిన్ను

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నేను డోన్‌కు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సివిల్ సర్జన్‌గా ఉన్నాను. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఓబులేసు అనే లారీ డ్రైవరును క్యాజువాలిటీకి మోసుకొచ్చారు. వాంతులు, ఆయాసం. టార్చి వేస్తే కంటిపాపలు ముడుచుకోలేదు.

"అంతా పత్తి పరిచినట్టు తెల్లగా ఉండాది సారూ. మీరు యాడుండారు?" అన్నాడు. నేను అతని మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

అవి మిథనాల్ లక్షణాలు. రంగులు, వార్నిష్‌లలో వాడే ఈ స్పిరిట్‌ను కల్తీ మద్యంలో కలుపుతారు. తాగేటప్పుడు తేడా తెలియదు. కాలేయం దాన్ని మెల్లగా విషంగా మారుస్తుంది. అంతవరకూ మనిషి బాగానే తిరుగుతాడు. ఆ తర్వాత చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

డయాలసిస్ కోసం ఓబులేసును 108లో కర్నూలుకు పంపించాను. బండి వెళ్లిన కాసేపటికే అతని చెల్లెలు లక్ష్మీదేవి, ఆమె భర్త మద్దిలేటి వచ్చారు. ముందురోజు సాయంత్రం ఓబులేసు ఏం తాగాడో అడిగాను.

"మా ఇంట్లోనే సారూ. జిన్నులో నిమ్మరసం, చక్కెర కలిపినా. హోటల్లో పనిచేసేటప్పుడు నేర్చుకున్యా," అన్నాడు మద్దిలేటి. ఆ సీసా ఓబులేసుకు లారీ దారిలో ఎవరో అమ్మిందట.

"నువ్వూ తాగినావా?"

"తాగినా. నాకేం కాల్యా. శానా బాగుండా."

ఆ మాటకే నాకు భయం పట్టుకుంది. ఇంకో అంబులెన్సు బనగానపల్లె నుంచి రావాలి. అసలైన విరుగుడు మందు మా స్టోర్‌లో లేదు. అది లేనప్పుడు వైద్యశాస్త్రం చెప్పే రెండో మార్గం మంచి మద్యమే. కాలేయం ముందు దాని పని పడుతుంది, ఈలోగా మిథనాల్‌ను విషం కానివ్వదు. కర్నూలులోని మెడిసిన్ ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, మోతాదు ఖాయం చేసుకున్నాను.

మా తమ్ముడు మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చిన జిన్ను సీసా ఒకటి నా క్వార్టర్స్‌లో ఉంది. స్నేహితులు వస్తే నేనే కలిపేవాణ్ణి: జిన్ను, అప్పుడే పిండిన నిమ్మరసం, చక్కెర పాకం, ఐసు వేసి, గిన్నె బయట చెమట పట్టేదాకా గిలకొట్టి వడగట్టడం. ఆ రోజు ఐసు వేయలేదు. వాంతి కాకుండా నీళ్లు, రక్తంలో చక్కెర పడిపోకుండా పాకం ఎక్కువ పోశాను. చివరగా జిన్ను సీసా సీలు తీయబోతూ ఆగాను. ఇదీ కల్తీదైతే? తమ్ముడికి ఫోన్ చేసి, స్వయంగా కౌంటర్‌లో కొన్నానని చెప్పించుకున్నాకే మూత తిప్పాను.

గ్లాసు చూసి లక్ష్మీదేవి వెనక్కి జరిగింది. "ఈయప్ప తాగుడు మానాలని అహోబిలం సామికి మొక్కుకున్యా. ఇప్పుడు నా చేత్తోనే తాపాల్నా సారూ?"

"ఇది మందమ్మా. తాపకపోతే మీ అన్నకు మాదిరే ఈయన చూపూ పోతుంది."

ఆమె ఏడుస్తూనే తాపింది. కాసేపటికి మద్దిలేటి మాట ముద్దగా మారింది. "సారూ, మసగ్గా ఉండాది," అన్నాడు. అది మత్తో, విషమో నాకు అంతుపట్టలేదు. మాటిమాటికీ టార్చి వేసి చూశాను; ప్రతిసారీ అతని కంటిపాప ముడుచుకుంది.

అంబులెన్సు రాగానే అతనితో నేనూ ఎక్కాను. డయాలసిస్ తర్వాత మద్దిలేటి చూపుతోనే ఇంటికి వెళ్లాడు. ఓబులేసు ప్రాణం దక్కింది కానీ, కళ్లు రాలేదు.

ఆ తర్వాత ఇలాంటి కేసు వచ్చిన ప్రతిసారీ, రోగితో కలిసి తాగినవాళ్లెవరో కనుక్కుని, వాళ్లు బాగున్నామన్నా ఇంటికి మనిషిని పంపి పిలిపించాను. విషం లోపల పనిచేస్తున్నప్పుడు బాగున్నాననే మాట వైద్యుడికి సాక్ష్యం కాదు.