ప్రాసెసర్‌కు కనబడని రాత

పత్తి కొనుగోళ్ళు ఊపందుకున్న రోజుల్లో జహీరాబాద్ శివారు జిన్నింగ్ మిల్లులో బండ్లు తూచే కాంటా మొరాయించింది. నిజానికి కాంటా బాగానే ఉంది. బరువు చదివి చీటీ కొట్టే కంప్యూటరే ఉన్నట్టుండి నిలిచిపోయేది. దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధం చేసింది నేను. ఉండేదీ ఈ ఊళ్ళోనే కాబట్టి, ఆగిన ప్రతిసారీ పరుగెత్తాల్సిందీ నేనే.

మిల్లు సేటు పెద్దాయన. బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తిట్టడు. ఝరాసంగం నుంచి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడితే, కుర్చీ తెచ్చి నా పక్కనే వేసుకుని తెర వైపు చూస్తూ కూర్చుంటాడు. తిట్టినా బాగుండేది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కూలినప్పుడల్లా, ఆ క్షణాన పనిలో ఉన్న భాగం పేరు తెర మీద మిగిలేది. ఒకసారి డిస్కు, ఇంకోసారి నెట్‌వర్కు. హైదరాబాద్‌లోని మా ఆఫీసువాళ్ళు మెమరీ మార్చమన్నారు, మార్చాను. కరెంటు చూడమన్నారు, చూశాను. విసుగెత్తి, కూలిన క్షణాన మెమరీలో ఏముందో ప్రతిసారీ దాచి పోల్చి చూస్తే, పాడవుతున్నది ఒకటే చోటు. దాన్ని ముందుగా ముట్టుకున్న పాపానికి ఎవరో ఒకరి పేరు బయటికొస్తోంది.

ప్రాసెసర్‌లో డీబగ్ రిజిస్టర్లని ఉంటాయి. మెమరీలో ఒక చోటు చిరునామా వాటిలో పెడితే, అక్కడ ఏ ప్రోగ్రామ్ రాసినా ప్రాసెసర్ వెంటనే ఆగి దాన్ని పట్టిస్తుంది. అలాగే పెట్టాను. మెషీన్ మళ్ళీ కూలింది. రిజిస్టర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పరీక్షకని అదే చోట నేనే రాసి చూశాను. నన్ను మాత్రం ఠక్కున పట్టుకుంది.

ఏం చేస్తున్నానో సేటుకు అప్పటికే చెప్పి ఉన్నాను. "నువ్వు పెట్టిన కావలి పండుకున్నదా బిడ్డా?" అన్నాడు.

"పండుకోలే సేటూ. దాని ముందట నుంచి ఎవ్వడు పోలే," అన్నాను చిరాగ్గా.

అన్నాక నా మాటే నాకు తట్టింది. రాసింది ప్రాసెసర్ కాకపోతే? కంప్యూటర్‌లో గుచ్చిన కార్డులు, నెట్‌వర్కుకో కాంటాకో కలిపే ఆ సర్క్యూట్ పలకలు, ప్రాసెసర్‌ను అడగకుండానే మెమరీలో రాయగలవు. అవి హద్దు దాటకుండా ఆపే సదుపాయం ఆ మెషీన్‌లోనే ఉంది. వేగం తగ్గుతుందని మావాళ్ళే ఆపేసి పెట్టారు. దాన్ని మళ్ళీ పనిలో పెట్టాను. న్యాల్‌కల్ నుంచి వచ్చిన బండి కాంటా ఎక్కగానే తెర మీద హెచ్చరిక పడింది: బరువు చదివే కార్డు తనది కాని చోట రాయబోయింది. మెషీన్ మాత్రం కూలలేదు.

కార్డుతో వచ్చిన డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్, మెమరీలో కేటాయించిన చోటు కంటే ఎక్కువ ఉందని కార్డుకు చెబుతోంది. అంతే. కార్డు కంపెనీకి రాస్తే, ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదని జవాబిచ్చారు. డ్రైవర్ సోర్సు కోడ్ చేతిలో ఉంది కాబట్టి నేనే సరిదిద్దాను. ఆ తర్వాత మెషీన్ ఆగలేదు.

సరిదిద్దిన మర్నాడు మిల్లుకు వెళ్తే, ఎట్ల బాగైందని అడుగుతున్న రైతులకు సేటు ఎంతో సంతోషంగా చెబుతున్నాడు. "ఏదో వైరు లూజ్ ఉండెనంట. బిడ్డ సక్కజేసింది."

కాదని చెప్పబోయి, వరుసలో ట్రాక్టర్లు ఆగకుండా కదలడం చూసి, తర్వాతి బండిని కాంటా మీదికి రమ్మని చెయ్యూపాను.