ఓబులేసన్న అనంతపురం చూసిన రోజు

పోయిన వారం పనిమీద అనంతపురం వెళ్ళాను. బస్సు దిగేసరికి ఆకలిగా ఉండి ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాను. నానబెట్టి పిండిన బొరుగులు బాణలిలో పడగానే పచ్చిమిరపకాయల తాలింపు వాసన గుప్పుమంది. పైన చల్లిన పుట్నాలపొడి వేడికి కమ్మగా ముక్కుకు తగిలింది. ఉగ్గాని ప్లేటు చేతికొచ్చింది కానీ, రెండు ముద్దలు కూడా మింగుడు పడలేదు. పక్కనున్నాయన "ఏమప్పా, బాగలేదా?" అని అడిగాడు. బాగానే ఉంది. ఆరేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇలాంటి బండి దగ్గరే ఓబులేసన్న పక్కన నిలబడి, పోటీ పడి తిన్నాను. ఆ రోజు పొద్దున మేం ఎంత నవ్వామో తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

ఓబులేసన్నది విడపనకల్లు దగ్గర ఒక పల్లె. బోర్లు వేసే లారీ మీద డ్రిల్లరుగా పని చేసేవాడు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క నేను ఆ బండిలో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు నలభై దాటాయి. బోరు బండి అడుగుల లెక్కన బతుకుతుంది. ఎంత లోతుకు పోతే యజమానికి అంత లాభం. అయినా ఓబులేసన్న, రాడ్డు వెంట పైకి చిమ్మే రాతిపొడిని గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూసి, ఇక తడి తగిలే ఆశ లేదనుకుంటే మెషిను ఆపేసేవాడు. నేరుగా రైతు దగ్గరికి పోయి "చాలప్పా. ఈడ నీళ్ళు లేవు. ఇంగా పోయినా ఇదే పొడి వస్తాది" అనేవాడు. కొందరు తిట్టేవారు, కొందరు చేతులు పట్టుకుని బతిమాలేవారు. కదిరి పక్కన ఒక ముసలాయన "నువ్వు ఆపితే నేను ఈ గుంతలోనే పడి చస్తా" అన్నాడు. అన్న ఆయన పక్కనే గట్టు మీద చతికిలబడి "ఆరంగుళాల గుంతలో నువ్వెట్ల పడతావు పెద్దాయనా? లెయ్, ఇంటికి పోదాం" అని చెప్పి, ఆయన్ను మోటారు సైకిలు మీద ఇంటి దాకా దింపి వచ్చాడు. తిరిగొచ్చి పని ముగించేటప్పుడు నాతో "సీనా, లేదని చెప్పేదే మన పని. తవ్వేది మెషినే తవ్వుతాది" అన్నాడు. నాకు పని నేర్పింది ఆ ఒక్క మాటే.

కొన్నేళ్ళకు యజమాని బండిని పొరుగు రాష్ట్రం వాళ్ళకు అమ్మేశాడు. దాన్ని అప్పగించడానికి అన్న, డ్రైవరు బాషా, నేను అనంతపురం వచ్చాం. పొద్దున ఎనిమిదికల్లా పని అయిపోయింది. లారీ మలుపు తిరిగి కనపడకుండా పోయాక ముగ్గురం రోడ్డు మీద ఉత్త చేతులతో నిలబడ్డాం.

"ఇంగ యాడికి పోయేదన్నా?" అన్నాడు బాషా.

"ఊరు చూద్దాం పాండ్రా. జిల్లా అంతా బొక్కలేసినా గాని, అనంతపురంలో స్పేరుపార్టుల అంగళ్ళు తప్ప నేనేమీ చూడలే" అన్నాడు అన్న.

ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. గడియార స్తంభం దగ్గర అన్న తల పైకెత్తి చాలాసేపు చూశాడు. "ఎన్ని అడుగులుంటాదిరా ఇది? దీనికి పదింతలు మనం కిందికి పోయింటాం. మన దాన్ని చూసేకి ఎవుడూ రాడు" అన్నాడు. బాషా పొట్ట పట్టుకుని నవ్వాడు. స్తంభం ముందు నిలబడి అన్న ఫోటో తీయించుకున్నాడు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఆయన అంత తేలిగ్గా ఉండగా చూడటం నాకదే మొదటిసారి.

తర్వాత ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఆటో ఆయన పేరు నారాయణప్ప, యాభై ఏళ్ళుంటాయి. మేం ఊరు చూడ్డానికొచ్చామంటే ఆయనకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. పాతూరు సందులన్నీ తిప్పాడు. రాతితో కట్టిన పాత కాలేజీ ముందు ఆపి, దాని గోడలు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయని మమ్మల్ని చెయ్యి పెట్టి చూడమన్నాడు. మధ్యాహ్నమైంది. సంగటి, నాటుకోడి పులుసు బాగుండే చోటు ఉందని తీసుకెళ్ళి, మా బలవంతం మీద మాతోనే కూర్చున్నాడు. సంగటి ముద్ద తుంచుతూ అన్న వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వు ఓబులేసన్నవి కదా? శింగనమల పక్క మా చేన్లో బోరేసినారు మీరు."

అన్న చెయ్యి పులుసులోనే ఆగిపోయింది. ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. ఆ బోరు వేసిన రోజు మా యజమాని స్వయంగా వచ్చి బండి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకోసారి మధ్యలో మెషిను ఆపితే పనిలోకి రానక్కర్లేదని అంతకు ముందు రోజే అన్నతో చెప్పాడు. మూడు వందల అడుగుల దగ్గర పొడి పిండిలా చేతుల్లోంచి జారిపోయింది. నారాయణప్ప దగ్గరికొచ్చి "ఇంగా పోదామా అన్నా?" అని అడిగాడు. అన్న చేతులు ప్యాంటుకు తుడుచుకుని, యజమాని వైపు చూసి, మాట్లాడకుండా ఇంకో రాడ్డు ఎక్కించాడు. ఎనిమిది వందల అడుగులు పోయాం. చుక్క రాలేదు. నా గుప్పిట్లోనూ అదే పొడి ఉంది. నేనూ నోరు తెరవలేదు.

"ఆ బోరు అప్పుతోనే చేను పాయన్నా" అన్నాడు నారాయణప్ప. ఆ గొంతులో కోపం లేదు. "మీరేం చేస్తారు? నా రాత. భూమి లోపలుండేది మనుసులకు ఎట్ల తెలుస్తాది? తిను, తిను, సంగటి గట్టిపడతాది."

అక్కడి నుంచి వెళ్ళిపోదామని నేను అన్నకు సైగ చేశాను. నారాయణప్ప ఒప్పుకోలేదు. ఆయన భార్య ఓళిగలు చేసి అంగళ్ళకు వేస్తుందట. అనంతపురం వచ్చి ఓళిగ తినకుండా పోతే ఊరు చూసినట్టే కాదన్నాడు. ఒకే గది ఇల్లు. గుమ్మం పక్కన పొయ్యి మీద పెనం కాలుతోంది. ఆమె పేరు లక్ష్మీదేవి. మేమెవరో భర్త చెప్పగానే ఆమె చేతిలోని పూర్ణం ఉండ అలాగే ఉండిపోయింది. అన్నను ఒకసారి చూసి, ఓళిగ తట్టి, కాల్చి, నెయ్యి వేసి ముగ్గురికీ ఆకుల్లో పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఒక మాట అడగాలన్నా. నేను ఆ పొద్దు గట్టు మీద కూచోనుంటి. ఇంగా పోదామా అని మా ఆయన అడిగితే నువ్వు మాట్లాడకపోతివి. నీళ్ళు లేవని నీకు తెలుసునా అప్పుడు?"

తెలియదంటే అయిపోయేది. ఆ ఇంట్లో అందరికీ ఆ మాటే మేలయ్యేది. అన్న చేతిలోని ఆకును కింద పెట్టాడు.

"తెలుసునమ్మా" అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "తినండి, సల్లారిపోతాది" అంది. గుమ్మంలో నిలబడ్డ నారాయణప్ప మాత్రం "తెలుసునా?" అన్నాడు. పొద్దున్నుంచి ప్రతి మాటకూ చివర 'అన్నా' అంటున్న మనిషి, ఈసారి అనలేదు. అన్ని రోజులూ తన రాత అనుకుని ఎలాగో మోస్తూ వచ్చినదాన్ని మేం వచ్చి ఆయన చేతుల్లోంచి లాగేసినట్టయింది. అన్న ఓళిగను ముక్క మిగల్చకుండా తిన్నాడు. అంత కష్టపడి ఒక మనిషి తినడం నేను మళ్ళీ చూడలేదు. నారాయణప్ప ఆటోలోనే బస్టాండుకు వచ్చాం. మేం దిగాక మా మొహాలు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎన్ని బోరు బండ్ల వాళ్ళు పిలిచినా అన్న పోలేదు. బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. అప్పుడప్పుడు నేనే ఫోను చేసేవాణ్ణి. ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు. "సీనా, ఆయమ్మ అడగకపోయుంటే నేను చెప్పుందునా?"

"తెలీదన్నా" అన్నాను.

"నాకూ తెలీదురా" అన్నాడు. అన్నేళ్ళుగా పీల్చిన రాతిపొడి అప్పటికే ఆయన ఊపిరి తీసేస్తోంది. మాట మాటకూ దగ్గు అడ్డం పడేది. రెండేళ్ళకు ఊరికి తిరిగొచ్చి అక్కడే చనిపోయాడు. నేను వెళ్ళేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆటో మాట్లాడినప్పుడు తీసుకున్న నంబరుంది కదా, నారాయణప్పకు చెబుదామని ఆ రోజు ఫోను తీశాను. ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

ఇప్పుడు నేను పల్లెల్లో తిరుగుతూ బోరు ఎక్కడ వేయాలో చూసి చెప్పే పని చేస్తున్నాను. లేనిచోట లేదనే చెబుతాను. నాకు పిలుపులు తగ్గిపోయాయి, ఉందని చెప్పేవాళ్ళకు పెరిగాయి. నెల కిందట ఒక రైతుకు చేనంతా పరీక్షించి, ఎక్కడా నీళ్ళు లేవని చెప్పాను. ఆయన తల ఊపి, మజ్జిగ ఇచ్చి, మర్యాదగా సాగనంపాడు. రెండు రోజుల తర్వాత ఆ దారిన పోతుంటే ఆయన చేను మీద తెల్లటి పొడి లేస్తోంది. నా మోటారు సైకిలు దిగి పరుగున వెళ్ళి, మెషిను మోతలో గొంతు చించుకుని "లేవప్పా, నీళ్ళు లేవు, ఆపించు" అని అరిచాను. ఆయనకు వినపడింది. నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు, "ఇంగొంచెం పోనీ సార్" అన్నాడు.

వెళ్ళిపోవాలనిపించింది, వెళ్ళలేదు. సాయంత్రం దాకా ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాను.