పదకొండో ఫారం

పంపు హౌస్‌లో ఆయన్ని అందరూ రాకెట్టు అంటారు. నడక చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లకి ఎంత వెటకారమో అర్థమవుతుంది. భారీ మనిషి, నాలుగు మెట్లెక్కితే రెండుసార్లు ఆగుతాడు. వీధులకి వంతులవారీగా నీళ్లు వదిలే వాల్వులు తిప్పడం ముప్పయ్యేళ్లుగా ఆయన ఉద్యోగం. అంతరిక్ష నవలలు రాయడం ఆయన పిచ్చి. ఇప్పటికి ఆరు అచ్చయ్యాయి. అచ్చు వేసుకున్నదీ ఆయనే, పంచిందీ ఆయనే, మొహమాటానికి పుచ్చుకున్నవాళ్ల వెంటపడి "ఎలా ఉంది?" అని ప్రాణం తోడేసిందీ ఆయనే.

ఆ నవలల్లో గ్రహాంతరవాసులుండరు, యుద్ధాలుండవు. ఒక పెద్ద ఓడ, అందులో అంతస్తులు, గదులు, ప్రతి గదికీ గాలి మోసుకెళ్లే గొట్టాలు ఉంటాయి.

"అంత దూరం పోయి మళ్లీ గొట్టాలేనా బాబాయ్?" అని ఏడిపించేవాడు పంపు ఆపరేటర్.

"ఎంత దూరం పోయినా ఊపిరి పీల్చాల్సిందేగా! ఎవరి గదికి ముందు వదలాలో, ఎవరికి ఆఖర్న వదలాలో ఎవడో ఒకడు తేల్చాలి. రాజకీయమంటే అదేరా. మిగతాదంతా మైకు."

ఉద్యోగంలో చేరిన ఏడాదే, పైవాళ్లు చెప్పారని చివరి వీధి వాల్వు గంట ముందే కట్టేశాడు. కుళాయి దగ్గర ఖాళీ బకెట్టుతో నిలబడ్డ ఒకావిడ ఆయన్ని ఊరికే చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపుకి జవాబు చెప్పుకోలేకే కలం పట్టుకున్నాడు. భూమ్మీద జరిగింది జరిగినట్టు రాస్తే ఉద్యోగం ఊడుతుందని, కథని ఆకాశానికి ఎక్కించాడు.

ఇంట్లో ఆయన భార్య దర్జీ. పుస్తకాలు కుట్టేదీ ఆవిడే. జిరాక్స్ షాపులో తీయించుకొచ్చిన కాగితాలు నాలుగు మడిస్తే పదహారు పేజీలు. దాన్ని ఫారం అంటారు. ఒక్కో ఫారాన్నీ మడత మీద మిషన్‌తో కుట్టి, అన్నీ కలిపి దారంతో బిగించి, అట్ట అంటిస్తుంది. ముందు ప్రతి ఫారం చదవందే మిషన్ తొక్కదు. విసుగొచ్చిన చోట, గుడ్డ కత్తిరించే గుర్తు లాగే, పక్కన దర్జీల నీలం సుద్దతో గీత గీస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన రాసినదాని గురించి ఆవిడ నోటితో చెప్పింది లేదు. ఆ గీతలే ఆవిడ మాటలు. ఆయన మూతి ముడుచుకుంటాడు, గొణుక్కుంటాడు, చివరికి గీసిన చోటల్లా కొట్టేసి కొత్త కాగితం తీయించుకొస్తాడు.

ఏడో నవల పని మొదలయ్యేసరికి డాక్టరు గుండెకి ఆపరేషన్ అన్నాడు. నెల తర్వాతి సోమవారం. "చిన్న రిపేరు," అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు రాకెట్టు. లోపల మాత్రం హడలిపోతున్నాడు. ఆ హడలుని ఎవరికీ చెప్పుకోలేక పదకొండో ఫారంలో, అంటే ఆఖరి పదహారు పేజీల్లో పెట్టాడు. పదో ఫారానికల్లా ఓడలో పెద్దలంతా చేరి కింది అంతస్తుకి గాలి ఆపేయాలని తీర్మానిస్తారు. ఆపనివ్వకుండా చేయాలంటే ఒక వాల్వుని ఓడ బయటికెళ్లి తెరవాలి. తెరిచినవాడికి తిరిగొచ్చే దారి లేదు. పదకొండో ఫారంలో ముసలి వాల్వు మనిషి, నిద్రపోతున్న భార్యని లేపకుండా వెళ్లిపోతాడు.

ఈసారి పది ఫారాల్లోనూ ఒక్క సుద్దగీత లేదు. పదకొండోది తిరిగి రాకపోతే, అదీ నచ్చి కుట్టేసిందనుకున్నాడు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అరవై కాపీలూ ఆపరేషన్ ముందు గురువారానికి సిద్ధమయ్యాయి. ప్రతిదాని వెనకా జానెడు దారం వేలాడుతోంది. ఈవిడ దారం కత్తిరించడం మరిచిపోవడమేమిటి అనుకున్నాడే గానీ, సంబరంలో పేజీలు తిప్పి చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పంపు ఆపరేటర్ పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, ఇదేం అన్యాయం? ముసలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు, పుస్తకం అయిపోయింది! వెళ్లాడా లేదా?"

రాకెట్టు పుస్తకం లాక్కుని చూశాడు. నూట అరవయ్యో పేజీ తర్వాత అట్టే. ఇంకోటి తీశాడు, అందులోనూ అంతే. ఇంటికి వెళ్తూ దారిలో ఒక్కసారి కూడా ఆగలేదంటే కోపం ఏ స్థాయిలో ఉందో చూడండి.

"ఏమోయ్, నా పరువు తీశావు! పదకొండో ఫారం ఏదీ?"

ఆవిడ మిషన్ ఆపలేదు. బల్ల వైపు గడ్డంతో చూపించింది. అక్కడ ఆయన ఆఖరి అధ్యాయం పడి ఉంది. కాపీల్లోంచి తీసిన కాగితాలు ఒకదానికొకటి అంటించి, ఆకారాలుగా కత్తిరించింది. రెండు చేతులు, ఒక వీపు, ముందు రెండు పలకలు. ముసలాయన ఓడ దాటే పేరా చంక దగ్గర రెండు ముక్కలైంది.

"ఏంటిది?"

"చొక్కా. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు చేతులు పైకెత్తకూడదన్నాడుగా డాక్టరు. తల మీంచి తొడుక్కునేవి పనికిరావు. ముందు బొత్తాలతో, వదులుగా కుడుతున్నా. నమూనాకి కాగితం కావలసొచ్చింది."

"నా కథే దొరికిందా నీకు? నచ్చకపోతే సుద్దతో గీయచ్చుగా!"

అప్పుడు ఆపింది మిషన్. "ఎక్కడ గీయమంటారు? పదహారు పేజీలూ గీయాలి. ఆవిణ్ణి లేపకుండా ఎలా వెళ్లాడండీ? మాట వరసకైనా చెప్పి వెళ్లచ్చుగా." మెడలోని టేపు తీసింది. "మిగతాది మీరొచ్చాక రాయండి. కుట్టడానికి దారం వదిలాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. పేజీలు పేజీలు రాసినవాడు మూడే మాటలన్నాడు.

"నాకు భయంగా ఉందోయ్."

"నాకు మాత్రం లేదా?" అంటూ లేచి, టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పింది. "ఊపిరి బిగబట్టకండి. కొలత తప్పుతుంది."

ఆయన ఊపిరి వదిలాడు. టేపు పట్టుకున్న ఆవిడ చేతి మీద తన చేయి వేసి అడిగాడు.

"ఆ వాల్వు లోపలి నుంచే తెరుచుకునేలా పెట్టనా?"

"ఓడ మీది, మీ ఇష్టం," అంది, అంకె చూసుకుంటూ. "మనిషి మాత్రం ఇంటికి రావాలి."