అమ్మ ముక్కు, కొత్త కణాలు

మా తబేలా నుంచి పాలు బయటికి వెళ్లే ముందు చివరి తనిఖీ అమ్మది. జహనుమా బస్తీలో మా ఇంటి వెనకే బర్రెల కొట్టం. తెల్లవారుజామున నాన్న తమ్ముడు, అంటే మా కాక, పాలు పిండి క్యాన్లలో పోస్తాడు. అమ్మ ఒక్కో క్యాను మూత తీసి, మొహం దగ్గరికి వంచి, ఒక్కసారి గాలి పీల్చి “పంపు” అంటుంది. లేదంటే “గిది ఆపు” అంటుంది. నాన్న ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. నీళ్లు కలిశాయో లేదో చెప్పే గాజు గొట్టం మా దగ్గర ఉంది. పాలు విరగబోతున్నాయని ముందే చెప్పగలిగింది అమ్మ ఒక్కతే.

మొన్న చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. మళ్లీ క్యాన్ల దగ్గర నిలబడింది. మూత తీసేది, వంగేది, పంపు అనేది. ఏమీ మారలేదనుకున్నాం.

ఒకరోజు హుస్సేనీ ఆలంలో చాయ్ హోటల్ నడిపే భాయ్ క్యాను పట్టుకుని తనే వచ్చాడు. ఏళ్లుగా మా పాలే పోయించుకుంటున్నాడు.

“క్యా హువా అమ్మా? చాయ్ పూరీ ఫట్ గయీ, మొత్తం ఇరిగిపోయింది. మీ పాలు ఎన్నడు గిట్ల కాలే.” గొంతు పెంచలేదు. పోతూ పోతూ మాత్రం, “రేపటికెల్లి సగమే పంపుండ్రి,” అన్నాడు.

ఆయన వెళ్లాక అమ్మ నాతో మెల్లగా అంది: “జరమొచ్చినకాన్నుంచి నాకు వాసన తెలుస్తలేదు బిడ్డా.”

“మరి పంపు పంపు అని ఎట్లన్నవ్?”

“ఆడ నిలబడి ఇంకేమనాలెరా?”

నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాను. ఏది పాడైనా రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఎక్కడ తెగింది? మళ్లీ అతుకుతుందా? ముక్కు డాక్టర్ మొదటిదానికే గట్టిగా జవాబిచ్చారు. ముక్కు పైభాగంలో వాసన పట్టే పొర జ్వరంతో దెబ్బతిన్నదట. రెండోదానికి, “నెలలు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా,” అన్నారు.

ఆ ‘కూడా’ నన్ను పట్టుకుంది. బస్సులో, ఆఫీసులో, దొరికిందల్లా చదివాను. మన నాడీకణాల్లో చాలావరకు పోతే పోయినట్టే. వాసన పట్టేవి అలా కాదు. అవి జీవితమంతా చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. పుట్టిన ప్రతి కణం ఒక సన్నని పోగును జల్లెడలాంటి ఎముక గుండా మెదడులోకి పంపాలి. ఆ పోగు తన చోటు తనే వెతుక్కోవాలి. మెదడు లోపల కూడా, జ్ఞాపకాలను చూసుకునే భాగంలో, ఎదిగిన ఎలుకలకు కొత్త కణాలు పుడతాయి. మనుషుల్లో ఎంతవరకు పుడతాయన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు. ఆ ఎలుకల్లో పుట్టిన కణాల్లో చాలా భాగం కొద్దికాలానికే చచ్చిపోతాయట. కొత్తది ఏదైనా నేర్చుకుంటుంటే ఎక్కువ బతుకుతాయట. అది చదివాక నా భయానికి ఒక రూపం వచ్చింది: అమ్మ ముక్కులో కూడా కణాలు పుట్టి, పనిలేక, రోజూ చచ్చిపోతున్నాయేమో.

డాక్టర్ చెప్పిన సాధన మొదలుపెట్టించాను. గులాబీ అత్తరు, నిమ్మతొక్క, లవంగం, నీలగిరి తైలం. పొద్దున, సాయంత్రం ఒక్కోటి వాసన చూడాలి. ఏమీ తెలియకపోయినా ఆ వాసనను గుర్తు చేసుకుంటూ పీల్చాలి.

“పొద్దుగాల అత్తరు, మాపటికి అత్తరు. నన్ను ఎవరి నికాకు తోల్కపోతున్నవురా?” అనేది అమ్మ.

కాక ఎప్పుడూ జర్దా నములుతుంటాడు, ఆయన ముక్కును నమ్మలేం. అందుకని ఆఫీసుకు వెళ్లే ముందు నేనే ప్రతి క్యానులోంచి కొంచెం పాలు చిన్న గిన్నెలో కాగబెట్టి, విరుగుతాయేమో చూసేవాణ్ణి. గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు తడిమి చూసుకునేవాణ్ణి. లీకైనా అమ్మకు తెలియదు కదా.

వేసవి మొదట్లో ఒక తెల్లవారుజామున అమ్మ క్యాను మీంచి చటుక్కున వెనక్కి జరిగింది. “థూ! కాలిన టైరు వాసన.” నేను గిన్నె తెచ్చేలోపే పాలన్నీ మురుగు పోయే మోరీలో పోసేసింది. అడుగున మిగిలినవి కాగబెడితే విరగలేదు. తర్వాత చాయ్ కూడా టైరే అంది, సబ్బు కూడా. అన్నం సగానికి తగ్గించింది.

“మంచి పాలు మోరీల పోస్తే ఎట్ల వదినా? బర్రెలు ఇంటే తంతయ్,” అన్నాడు కాక.

డాక్టర్ మాత్రం, “కోలుకునేటప్పుడు చాలామందికి ఇలా అవుతుంది. కొత్త పోగులు తప్పు చోటుకు చేరుతుండొచ్చు. సాధన ఆపకండి,” అన్నారు. మంచికేనా అని అడిగాను. కావచ్చు అన్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పు జవాబు వస్తే తప్పనే రాసుకుంటాం. అది బాగుపడే గుర్తని నమ్మడం నాకు చేతకాలేదు.

అమ్మకూ చేతకాలేదు. “ఇగ క్యాన్ల కాడికి నేను రాను. నీ గిన్నె ఉంది గదా,” అంది. ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు, వచ్చి వాసన చూడు చాలు అని బతిమాలాను. వచ్చేది, వంగేది, పెదవి బిగించుకుని పక్కకు జరిగేది.

పోయిన వారం అలాగే వంగింది. మూడో క్యాను దగ్గర ఆగి మళ్లీ పీల్చింది.

“గిది ఆపు.”

“టైరేనా?”

“కాదు. గోబీ.”

కాగబెట్టాను. పాలు శుభ్రంగా పొంగాయి. ఇంకో తప్పు వాసన పుట్టుకొచ్చిందనుకున్నాను. కాక జర్దా ఉమ్మి, అటు తిరిగి గొణిగాడు: “నిన్న మార్కెట్ల గోబీ ఆకు అగ్గువకు దొరికింది. పొద్దుగాల మూలకున్న బర్రెకు ఏసిన. గా క్యాన్ల దాని పాలే.”

“పిండేముందు ఏస్తరా ఎవలన్న? వాసన పాలల్లకు దిగదా? మీ అన్నుంటే నీ ఈపు పగిలేది!” అంది అమ్మ. జ్వరం తర్వాత ఆ గొంతు వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం అత్తరు సీసా అందించాను. ఏదన్నా తెలుస్తోందా అన్నాను. “టైరే,” అంది. ఒక దారి తెరుచుకుందేమో. మిగతావి తెరుచుకుంటాయో లేదో, ఆ తెరుచుకున్నది నిలుస్తుందో లేదో నాకు తెలియదు.

మర్నాడు మొదటి క్యాను మీద చాలాసేపు వంగి ఉంది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

“పంపు,” అంది.

నేను స్టవ్ వెలిగించాను. అమ్మ నా వైపు చూసింది.

“కాగబెట్టుకో బిడ్డా, కాగబెట్టుకో. అట్లనే జర చాయపత్తి గూడ ఎయ్యి.”