తోకలో కుట్టిన తాయెత్తు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండమ్మా. కాళ్లు చాపుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. గట్టిగా చెప్పుకునే మాట కాదు ఇది, అందుకే దగ్గరికి రమ్మంటున్నాను. నేను చేసిన ఒక తప్పు సంగతి.

మాది జమ్మలమడుగు. జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. అయిదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, విన్న మాట మాత్రం మరిచిపోను. మా అన్న లింగాల దగ్గర చీనీకాయల తోట చేస్తాడు. ఆయన కూతురు ప్రొద్దుటూరు పక్కన ఇంజనీరింగు కాలేజీలో చేరినప్పుడు, హాస్టలు తిండి పడలేదని తెచ్చి నా దగ్గర వదిలాడు. రోజూ బస్సులో పోయి వచ్చేది. నాకు పిల్లలు లేరు. ఆ పిల్ల వచ్చాకే నా మిషను చప్పుడుకు తోడు ఇంట్లో ఇంకో గొంతు వినపడింది.

మూడో ఏడులో ఉండగా విమానం చేయడం మొదలుపెట్టింది. మనుషులు ఎక్కేది కాదు. నేను రెండు చేతులూ బార చాపితే ఎంతో, దాని రెక్కలు అంత. దూదంత తేలికైన చెక్కతో చట్రం, ముక్కున చిన్న మోటారు, కింద నిలబడి చేత్తో నడిపే పెట్టె ఒకటి. కాలేజీలో మూడు జట్లు ఇట్లాంటివి చేస్తున్నాయి. ఎవరిది చక్కగా ఎగిరితే వాళ్లు బెంగుళూరులో పోటీకి పోతారు. మా జట్టులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నా, బొమ్మ గీసిందీ, లెక్క కట్టిందీ మా పిల్లే. బెంగుళూరు మాట వస్తే దాని కళ్లు వేరుగా ఉండేవి. అన్నం పళ్లెంలో కూడా వేలితో రెక్కలు గీసేది.

రెక్కల మీదా తోక మీదా పల్చటి గుడ్డ నేనే కుట్టి లాగి బిగించాను. తోక మీద పైకీ కిందికీ కదిలే చిన్న రెప్ప ఒకటి ఉంటుంది, దానికి కీలు కూడా నా గుడ్డ పట్టీలే. అందుకని ఆ విమానంలో నాకూ భాగం ఉందనుకునేదాన్ని.

ఎగరేసే రోజుకు ముందు సాయంత్రం, అది నా మిషను పక్కన నిలబడి, రెక్కల కింద రెండు చూపుడు వేళ్లు పెట్టి విమానాన్ని పైకెత్తింది.

“సూడత్తా, ముక్కు రవ్వంత కిందికి వంగింది గదా. అట్లే ఉండాల.”

“వంగితే కింద పడదా పాపా?”

“పడదు. గాలొచ్చి ముక్కును పైకి లేపిందనుకో, ఎవురూ ఏమీ చేయకపోయినా అదే మళ్లా దించుకుంటాది. తోక బరువైందనుకో, అంతే ఇంగ. లేచిన ముక్కు ఇంగా ఇంగా లేస్తానే ఉంటాది. మీ నాయన ఎద్దులబండి మతికుండాదా నీకు? కట్టెలన్నీ ఎనక్కి ఏస్తే ఏమైతాది?”

“నొగలు పైకి లేస్తాయి. మా నాయన చేత ఎన్నిసార్లు తిట్లు తినలేదు నేను!”

“అదే అత్తా. మా సార్ కంటే నువ్వే బాగ చెప్తాండావు. రెక్క కాడ కొంచెం బరువు పెట్టినా ఓర్చుకుంటాది గానీ, తోక కొసన చిటికెడు పెట్టినా ఊరుకోదు. దూరం గదా, అందుకు.”

నాకు బాగా అర్థమైంది. అది అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా వైపు సంగతి మీకు తెలుసు. కొత్త ట్రాక్టరు వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాల్సిందే. బోరుకు మోటారు దించినా, ఆటో కొన్నా, ముందర నిమ్మకాయా మిరపకాయలూ వేలాడాల్సిందే. నా కుట్టు మిషనుకు కూడా కట్టాను. మరి ఇంత కష్టపడి చేసిన దానికి, ఊరంతా నోరు తెరుచుకుని చూసే దానికి దిష్టి తగలదా?

“ఒక్క నిమ్మకాయ కడతా పాపా, తోకకు.”

“ఏందత్తా నువ్వు! ఇప్పుడే గదా చెప్తి. విమానానికి దిష్టి ఏంది, నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీలే. పళ్లు రాలవు గదా.”

“నిమ్మకాయ కట్టనని ఒట్టు పెట్టు.”

దాని నెత్తిన చేయి పెట్టి ఒట్టు వేశాను.

తెల్లారి అది స్నానానికి పోయింది. నా పెట్టెలో ఒక రాగి తాయెత్తు ఉంది. ఆ పిల్ల నాలుగేళ్లప్పుడు నా దగ్గరికి వచ్చి జ్వరంతో బిగుసుకుపోతుంటే, పక్కింటి సాయిబుల పెద్దామె తోడు వచ్చి దర్గాలో కట్టించింది. లోపల లక్క పోసి మూసిన లావుపాటి తాయెత్తు. ఆ జ్వరం మళ్లీ రాలేదు. పిల్ల పెద్దదై తీసేస్తే నేను దాచాను. ఒట్టు వేసింది నిమ్మకాయకే గదా, అనుకున్నాను. అట్లా అనుకున్నప్పుడే నాకు తెలుసు, తప్పించుకుంటున్నానని. తోక కింది గుడ్డ రెండంగుళాలు విప్పి, తాయెత్తు లోపల పెట్టి, అదే రంగు దారంతో కుట్టేశాను. ముప్పై ఏళ్ల చేయి నాది. కుట్టు ఎవరికీ కనపడదు.

పొద్దునే ఆటోలో గండికోట దోవలో ఉన్న బయలుకు పోయాం. నేను అన్నం క్యారియరు పట్టుకుని పోయాను. వాళ్ల సారు, మిగతా జట్లు అప్పటికే వచ్చి ఉన్నారు. మొదటి జట్టు విమానం వంకర టింకరగా తిరిగి ఎట్లాగో దిగింది. తరువాత మాది. ఒక పిల్ల విమానాన్ని తలపైకెత్తి విసిరింది, మా పిల్ల పెట్టె పట్టుకుంది.

విసిరీ విసరగానే ముక్కు లేచింది. మా పిల్ల దించింది. మరీ కిందికి పోయింది. ఎత్తింది. ఈసారి ఇంకా పైకి లేచింది. ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ. ఆఖరికి విమానం గోడకు ఆనించిన నిచ్చెనలాగా నిట్టనిలువున లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగింది. ఒక రెక్క వాలింది. గిరగిరా తిరుగుతూ వచ్చి నేను నిలబడిన చోటికి పది అడుగుల్లో ముక్కు గుచ్చుకుని పడింది.

అందరికంటే ముందు చేరింది నేను. చేతికి తోక దొరికింది, గుడ్డలో తాయెత్తు తగిలింది. అప్పుడు నేను చేసిన పని ఇది: పంటితో దారం తెంపి, తాయెత్తు లాగి, రొంటిన దోపుకున్నాను. ముక్కలు ఏరుతున్నట్టు వంగి ఉన్నాను గనుక ఎవరూ చూడలేదు.

సారు వచ్చాడు. “బ్యాలెన్సు చూసినావామ్మా?”

“చూసినా సార్. నిన్న సాయంత్రం.”

“పొద్దున?”

“పొద్దున చూల్యా సార్. మా ఇంట్లోనే ఉండె, ఎవురూ ముట్టుకోల్యా.”

సారు నా వైపు ఒకసారి చూశాడు. నేను క్యారియరు మూత సర్దుకున్నాను. “అయితే నీ లెక్కలోనే యాడో తప్పుంది” అన్నాడు. మూడో జట్టు విమానం చక్కగా ఎగిరింది. బెంగుళూరు వాళ్లకు ఖాయమైంది.

అంతటితో ఆగి ఉంటే, పోయిన పోటీ కోసం నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. అది ఊరుకునే పిల్ల కాదు. విరిగిన ముక్కలన్నీ సంచిలో వేసుకుని, నన్ను తోడు తీసుకుని ప్రొద్దుటూరులో ఒక బంగారం అంగడికి పోయింది. అక్కడి పెద్దాయనను బతిమాలింది.

“ఏంది పాపా, కట్టెపుల్లలు తూకమేయాల్నా బంగారు తక్కెట్లో?”

“మీ తక్కెట అబద్ధం చెప్పదని వచ్చినాం పెద్దనాయనా.”

ఆయన నవ్వి తూచాడు. ముక్క ముక్కకూ దాని పుస్తకంలో రాసుకున్న బరువే వచ్చింది. తోక కూడా సరిగ్గా అంతే. ఎందుకు రాదు? తూకం తప్పించే వస్తువు మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఉంది. పిల్ల ముఖం వాడిపోయింది. బరువులన్నీ సరిపోతే ఇక తప్పు తన తలలోనే ఉన్నట్టు.

బస్సులో వేంపల్లె ఆమె ఒకతె నాతో చీరల సంగతి మాట్లాడుతోంది. నేను ఊ కొడుతున్నాను. నా పిల్ల కిటికీకి తల ఆనించి కూర్చుంది. చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఇంటికి పోయాక చెబుదాంలే అనుకున్నాను. ఇంటికి పోయాక రేపు అనుకున్నాను. అట్లా పన్నెండు రోజులు.

పన్నెండో రోజు మధ్యాహ్నం అది వాళ్ల నాయనకు ఫోను చేసింది. “నాయినా, ఈ ఇమానాల పని నాకు రాదు. వచ్చే ఏడు జట్టులో ఉండనని సార్‌కు కాగితం రాసిచ్చేసినా. లెక్క తప్పింది నాదే.”

నా చేతిలో ఉన్న జాకెట్టు అట్లే జారిపోయింది. లేచి పోయి బియ్యంలో చేయి పెట్టి తాయెత్తు తీసి, దాని పుస్తకం మీద పెట్టాను. అంతా చెప్పాను. పంటితో దారం తెంపిన సంగతి కూడా.

అది తాయెత్తు తీసుకుని చెప్పులేసుకుని, మా వీధి కొసన నగలు చేసే అవుసలాయన దగ్గరికి పరుగెత్తింది. రెండు తులాలకు రవ్వ తక్కువట. వచ్చి నేల మీదే కూర్చుని లెక్క వేసింది. తోక దూరం, ఈ బరువు. తూకం నిలిచే చోటు బొటనవేలి గోరంత వెనక్కి జరిగింది.

“అత్తా! సరిపాయ! ఇంత జరిగితే అట్లే లేస్తాది, అట్లే పడతాది. నా లెక్క తప్పు కాదు!” అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఆ సంతోషంలో నా తప్పు కొట్టుకుపోయిందనుకున్నాను.

చేతులు వదిలింది.

“కట్టినావంటే ప్రేమ కొద్దీ కట్టినావులే అత్తా. ఆ పొద్దు సార్ అడిగినప్పుడు నా పక్కనే ఉన్నావు గదా. అంగట్లో తూకమేస్తాంటే కూడా ఉన్నావు గదా.”

ఉన్నాను.

మరునాడు కాలేజీకి పోయి సారు ముందు నిలబడి చెప్పాను. ఆయన తల పట్టుకుని, “ఎంత పనిచేస్తివమ్మా” అన్నాడు. బెంగుళూరుకు పోవాల్సిన వాళ్లు అప్పటికే పోయారు. పిల్ల ఇచ్చిన కాగితం మాత్రం సొరుగులోంచి తీసి చించేశాడు.

ఇప్పుడు అది ఇంకో విమానం చేస్తోంది. కాలేజీలోనే చేస్తుంది, అక్కడే బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. గుడ్డ వేరేవాళ్ల చేత కుట్టించింది. నాతో ఎప్పటిలాగే నవ్వుతుంది, తింటుంది, నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటుంది. తాళంచెవి మాత్రం మెడలో ఉంటుంది. నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

విన్నారు గదా, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పొయ్యి చల్లారకుండా, మీ పిల్లలు చేసిన పని నిలబడేలా ఉండాలి. మీ గడప లోపల ఎవరి తప్పూ ఇంకొకరి నెత్తిన పడకూడదు. ఎవరైనా మీ మీద నమ్మకంతో ఒక వస్తువు మీ ఇంట్లో వదిలి నిద్రపోతే, తెల్లారి లేచి దాన్ని మళ్లీ చూసుకోవాల్సిన పని వాళ్లకు రాకూడదు.