హారన్ గుండీ లోపలి ఇత్తడి గిన్నె

మొన్న వంటింట్లో మిక్సీ ప్లగ్గు వేడెక్కి వైరు కాలిన కమురు వాసన వచ్చింది. మా అమ్మాయి పరుగున వచ్చి కిటికీలు తెరిచింది. నేను స్విచ్చి ఆపి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన ఎప్పుడు తగిలినా నాకు దిబ్బూరహళ్ళి దగ్గరి మా ఊరు, కళ్ళం పక్కన నిలిపిన మిలిటరీ లారీ, దాని బానెట్టులోకి నడుము దాకా వంగిన నంజుండప్ప గుర్తుకొస్తారు.

ఆ పాత లారీని మా నాయన వేలంలో తెచ్చాడు. నీలం రంగు పూయించినా, గీసుకుపోయిన చోటల్లా అడుగునున్న మిలిటరీ పచ్చ తొంగిచూసేది. పట్టాళంలో డ్రైవరుగా చేసి వచ్చిన నంజుండప్పే దాన్ని నడిపేవాడు, రిపేరూ చేసేవాడు. విప్పిన ప్రతి నట్టునూ తువ్వాలు మీద వరసగా పేర్చుకుని, మళ్ళీ అదే వరసలో బిగించేవాడు. ఒక్క వాషరు మిగిలేది కాదు, ఒక్కటి తగ్గేదీ కాదు. ఆ పద్ధతి చూపించి మా నాయన మమ్మల్ని బడిసంచులు సర్దుకోమని కసిరేవాడు.

నాకు పదేళ్ళప్పటి దసరా అది. వానలు వెనకబట్టి చెనిక్కాయలు పీకే దినాలు; పచ్చికాయలు ఉడికే ఆవిరి, పెనం మీద పూర్ణం ఓళిగలు కాలే నేతి వాసన, గుగ్గిళ్ళ తిరగమాత ఘాటు ఇల్లంతా కలగలిసి తిరిగేవి. వసారాలో మా అవ్వ బొమ్మల కొలువుకు పాతచీర పరిచి చెక్క రాజును, రాణిని నిలిపి, మట్టి సెట్టి ముందర పిడికెడు బియ్యం, పిడికెడు కందిబేడలు పోసింది. ఒక మూల నాకు వదిలింది. అక్కడ నా బొమ్మకు పొయ్యి ఉంది, రోలు ఉంది, వండుకోవడానికి గిన్నె లేదు.

ఆయుధ పూజకు ముందురోజు నంజుండప్ప లారీ కడిగి, స్టీరింగు నడుమనున్న హారన్ గుండీ విప్పి, లోపలి ముక్కలు తుడిచి తువ్వాలు మీద పేర్చాడు. ఇంతలో అరటి పిలకలు తెమ్మని నాయన ఆయన్ను పంపించాడు. ఆ వరసలో చింతగింజంత ఇత్తడి గిన్నె ఒకటి మెరుస్తోంది. నేను దాన్ని తీసుకున్నాను. అంతటితో ఊరుకోలేదు, ఖాళీ కనబడకుండా మిగతా ముక్కలను దగ్గరికి జరిపాను. ఆయన తిరిగొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. తన వరసను తాను నమ్మి గబగబా బిగించేశాడు.

మరునాడు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, ఊరంతా చూస్తుండగా నంజుండప్ప హారన్ నొక్కాడు. మోగలేదు. పూజలో బండి మూగబోతే కీడని అవ్వ చెంపలు వేసుకుంది. ఆయన దిగి, ఒక బల్బుకు రెండు వైర్లు కట్టి లోపం వెతకడం మొదలుపెట్టాడు. ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరు తాకిస్తే హారన్ మోగింది. గుండీకి పోయే వైరును ఇనుముకు తాకించినా మోగింది. ఒకసారి వైరు తప్పుచోట తగిలి, కాలి, పొగ లేచింది. చివరికి గుండీ విప్పాడు.

"దీంట్లో ఇత్తడి గిన్నె ఉండాల. వైరుకూ గుండీకీ నడమ అదే. యాడ పోయిందో కనబళ్ళేదు సామీ."

"నిన్న విప్పింది నువ్వే గదప్పా?" అన్నాడు నాయన.

నంజుండప్ప తన చేతులు చూసుకున్నాడు. "నేనే. యాడనో మరిచుంటా."

పది అడుగుల అవతల వసారాలో నా బొమ్మ ఆ గిన్నెలోనే అన్నం వండుతోంది.

చింతామణి టౌనులో కొత్తది దొరికేదాకా అని స్టీరింగు పక్కన ఒక వైరు వేలాడదీశాడు. దాన్ని ఇనుముకు తాకిస్తే హారన్ మోగేది. పండగ మరునాడు టమోటాల లోడుతో పోతుంటే మలుపులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. వైరు కోసం ఒక చెయ్యి వదిలాడు. లారీ గుంతలోకి ఒరిగింది. గొర్రెలకు ఏమీ కాలేదు, ఆయన మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టినా వంకరగానే అతుక్కుంది. పరామర్శకు వచ్చినవాళ్ళందరితో మా నాయన, "మరుపు మనిసిని నమ్మితే ఇంతే" అనేవాడు. నంజుండప్ప ఆ మాట విని, తలవంచుకుని, తన ఊరు మంచేనహళ్ళికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే నేను గిన్నెను బావిలో పడేశాను.

వైరు కాలిన వాసన వచ్చిన ఆ వారమే, నలభై ఏళ్ళ తర్వాత, మంచేనహళ్ళికి పోయాను. ఆయన పశువుల కొట్టం ముందర మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎవరి కూతురినో చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడని కాచుకున్నాను.

"అయితే నేను మరిచిపోలేదా అమ్మణ్ణీ?"

"లేదప్పా. నేనే తీసుకున్నా."

ఆయన ముఖం విప్పారింది. లోపలికి తిరిగి కోడలిని కేకేశాడు: "యమ్మా, ఇట్ల రా! ఈయమ్మ ఏం చెప్తాండాదో ఇను. ఆ పొద్దు మరిసింది నేను కాదంట!" మళ్ళీ నా వైపు తిరిగి, "చెయ్యి వంకర పోతే పోనీలే. బండి పనికి ఎవురు పిలిసినా పోలేదు నేను, మళ్ళా ఏం మరుస్తానో అని" అన్నాడు. తిట్టి ఉంటే నేను తట్టుకోగలిగేదాన్ని.

తర్వాత అడిగాడు: "మీ నాయనకు చెప్పినావా?"

"ఆయన పొయ్యి ఎనిమిదేళ్ళయిందప్పా. చెప్పలేదు."



ఇప్పుడు ఆ లారీ లేదు, పాత ఇనుముకు పోయింది. కళ్ళం ఉన్నచోట ప్లాట్ల రాళ్ళు పాతారు. ఆ పండగనాడు చుట్టూ నిలబడి నంజుండప్పను మరుపు మనిషి అనుకున్న పెద్దవాళ్ళలో కొందరు పోయారు, కొందరు ఊరు విడిచారు; ఇంటికి పోయి ఈ మాట చెప్పివద్దామంటే ఒక్కరూ మిగలలేదు.